కారుకి కుట్టిన గొడుగు

రా, ఇలా పొయ్యి దగ్గరికి జరుగు. పొయ్యి అంటున్నాను గానీ ఇదీ ఒక పొయ్యేనా? గ్యాసుతో మండుతుంది, పైన బొగ్గుల్లా కనిపించేవి బొగ్గులు కావు, కాల్చిన మట్టి ముద్దలు. అయినా కాళ్ళు వెచ్చబడితే చాలు. ఆ ఫోను కాసేపు పక్కన పెట్టు. షెడ్డులో ఉన్న కారు సంగతి అడిగావు గనక చెబుతున్నాను. అడక్కపోయినా చెప్పేవాణ్ణే అనుకో.

పొద్దున్న నువ్వేమన్నావు? "టాపు మార్చడం పెద్ద పనేముంది తాతయ్యా, కిట్టు దొరుకుతుంది, ఒక్క ఆదివారం చాలు" అన్నావు. నేను నవ్వానని మూతి ముడుచుకున్నావు. నవ్వింది నిన్ను చూసి కాదురా. యాభై ఏళ్ళ పైమాట, అచ్చం అదే మాట అన్న ఒక కుర్ర డాక్టరు గుర్తొచ్చాడు. వాడికి అప్పట్లో తలనిండా జుట్టుండేది.

నేను ఈ దేశం వచ్చింది 1967లో. కాకినాడ రంగరాయ కాలేజీలో డాక్టరీ చదివి, సర్జరీలో పైచదువు కోసమని బయల్దేరాను. పరదేశం పోయేవాడికి మన సర్కారు ఇచ్చేది మూడే మూడు పౌండ్లు. అంతకు ముందు ఏడాదే రూపాయి విలువ తగ్గించారు. 13 రూపాయల చిల్లరకు దొరికే పౌండు 21 రూపాయలై కూర్చుంది. మా నాన్న 63 రూపాయలు బల్ల మీద పెట్టి, రెండుసార్లు లెక్కపెట్టి, నన్నొకసారి లెక్కపెట్టమని, "జాగ్రత్తగా వాడుకో" అన్నాడు. లండన్లో దిగి బర్మింగ్‌హామ్ రైలెక్కేసరికే అందులో సగం పైగా అయిపోయింది. ఇంక జాగ్రత్త ఎక్కడ పడేది?

అప్పుడిక్కడ లెక్కలు కూడా వేరు. పన్నెండు పెన్నీలైతే షిల్లింగు, ఇరవై షిల్లింగులైతే పౌండు. అమెరికా నుంచి వచ్చిన డాక్టరొకడు చిల్లర చేతిలో పోసుకుని, కావలసినంత తీసుకోమని కొట్టువాడి ముందు చెయ్యి చాపేవాడు. నాకా బాధ లేదు. కానీ, అర్ధణా, బేడ, పావలా లెక్కలు కట్టి పెరిగినవాణ్ణి. 1957లో మనవాళ్ళు నయాపైసలు తెచ్చినప్పుడు ఒకసారి లెక్కలు మరిచిపోయాను, 1971 ఫిబ్రవరిలో వీళ్ళు మార్చినప్పుడు మళ్ళీ ఒకసారి. సరే, కారు సంగతి కదా.

1969లో ఆస్పత్రిలో నాకు పైవాడైన ఒక ఇంగ్లీషు డాక్టరు, పెళ్ళి కుదిరిందని, పాత కారు అమ్మేస్తానన్నాడు. ఎంజీఏ 1600. ఆక్స్‌ఫర్డు పక్కన ఆబింగ్డన్లో చేసిన కారు. 1955 నుంచి 1962 దాకా ఆ జాతివి లక్షకు పైగా చేశారు. 180 పౌండ్లడిగాడు. బేరమాడితే మర్యాద కాదేమోనని అడిగినంతా ఇచ్చాను. తర్వాత తెలిసింది, 150కే ఇచ్చేద్దామనుకుని, నేను బేరమాడతానని ముప్ఫై కలిపి చెప్పాడట. ఇద్దరం మర్యాదస్తులమే, నష్టం మాత్రం నాకు.

అలా చూడకు. చూడగానే మనసు పడిపోయిందిరా. పొడుగాటి ముక్కు, గుర్రం నడుంలా వంపు తిరిగిన వెనక భాగం. ఒకటే లోటు, తలుపులకి బయట పిడి లేదు. నువ్వు నవ్వుతావు గానీ నిజం. సైడ్‌స్క్రీను జరిపి, చెయ్యి లోపల పెట్టి, తలుపు సందులో తాడు లాంటిది ఉంటుంది, దాన్ని లాగాలి. డిక్కీకి కూడా బయట పిడి లేదు, సీటు వెనక నుంచే లాగాలి. రాజమండ్రి నుంచి వచ్చిన నా స్నేహితుడు మొదటిసారి ఎక్కబోయి, కారు చుట్టూ గుడి చుట్టూ తిరిగినట్టు రెండు ప్రదక్షిణాలు చేసి, "ఏవిటోయ్, దీనికి గర్భగుడి తలుపు ఎటువైపు?" అన్నాడు.

సైడ్‌స్క్రీనంటే చెప్పాలి నీకు. ఆ కారుకి పైకీ కిందికీ జరిగే అద్దాలు లేవు. వాన వస్తే సీటు వెనక సంచీలోంచి రెండు చట్రాలు తీసి, తలుపుల మీద నిలబెట్టి మరలు బిగించాలి. అంతకు ముందు ఎంజీఏలకైతే సైడ్‌స్క్రీన్లో చిన్న రెక్క ఉండేది, చెయ్యి బయటికి చాపి మలుపు చూపించడానికి. నా 1600కి మాత్రం పక్కకు జరిగే అద్దాలు. అద్దం అంటే గాజు కాదు, పర్‌స్పెక్స్.

పర్‌స్పెక్స్ అనగానే ఇంకో ముచ్చట. యుద్ధంలో విమానాల మీది కప్పులు ఆ సరుకుతోనే చేసేవారు. గుళ్ళు తగిలి కప్పు పగిలితే ఆ ముక్కలు పైలట్ల కళ్ళలో గుచ్చుకునేవి. హెరాల్డ్ రిడ్లీ అని ఒక కంటి డాక్టరు చూశాడు, ఆ ముక్కలు ఏళ్ళ తరబడి కంట్లో ఉన్నా కన్ను వాయడం లేదు, వాటిని కాదనడం లేదు. అయితే దీంతోనే శుక్లం తీసిన కంటికి అద్దం పెడితే? 1949లో లండన్ సెయింట్ థామస్ ఆస్పత్రిలో పెట్టేశాడు. సాటి డాక్టర్లు ఏళ్ళ తరబడి ఆయన్ని తిట్టిపోశారు. ఇవాళ ఊరూరా శుక్లాల ఆపరేషన్లు ఆయన పుణ్యమే. నా రెండు కళ్ళలో ఉన్నవీ ఆ వంశం అద్దాలే. కంట్లో పెట్టింది ఇంకా తేటగా ఉంది, కారుకి పెట్టింది మాత్రం మసకేసింది. గరుకు గుడ్డతో తుడిచిన పాపం నాది. పర్‌స్పెక్సుని పొడిగా తుడిస్తే గీతలు పడతాయి, ముందు నీళ్ళు పోసి దుమ్ము కడిగేయాలి. అదొక్కటి గుర్తు పెట్టుకో. ఆ అద్దం జరిగే గాడిలో గుడ్డ పట్టీ ఉంటుంది. ఆ పట్టీ తడి పీల్చి పీల్చి, ఒక వసంతంలో పచ్చగా నాచు మొలిచింది. మీ అమ్మమ్మ చూసి, "ఇంకో నెలాగితే మెంతికూర కోసుకోవచ్చు" అంది.

ఇంగ్లండు లాంటి దేశంలో, ఏడాది పొడుగునా ముసురు పట్టే చోట, టాపు సరిగ్గా లేని కారు ఎందుకు చేశారా అని నేనూ అడిగాను. పక్క వీధిలో ఉండే పెద్దాయన ఒకాయన చెప్పాడు. ఆయన సంగతికి తర్వాత వస్తాను. యుద్ధం తర్వాత ఈ దేశానికి డాలర్లు కావలసి వచ్చాయి. ఎగుమతి చేసే కార్ఖానాకే ఉక్కు ఇచ్చేవారు. ఆ ఊపులోనే, చేసిన ఎంజీఏల్లో నూటికి తొంభైకి పైగా ఓడలెక్కి పోయాయి, ఎక్కువగా అమెరికాకి. "కాలిఫోర్నియా ఎండకి కుట్టిన టాపు కింద కోవెంట్రీ వానలో కూచున్నావు డాక్టర్" అనేవాడాయన. దానికి తోడు ఇక్కడి కుర్రాళ్ళకి ఒక పొగరుండేది. టాపు వేసుకోవడం ఆడంగితనమట. వానలో మెడకి మఫ్లరు చుట్టి, నెత్తిన టోపీ పెట్టి, మూతి బిగించి పోవాలట. అల్పుడికి ఐశ్వర్యం వస్తే అర్ధరాత్రి గొడుగు పట్టమన్నాడని మన సామెత. వీళ్ళది దానికి తిరగేత, ఐశ్వర్యం వస్తే కుంభవృష్టిలో గొడుగు మూసేశారు.

ఎదురుగా ఇంకో ఎంజీ వస్తే దీపం ఒకసారి వెలిగించి ఆర్పాలి, లేదా చెయ్యి ఊపాలి. ఊపకపోతే అమర్యాద. నేను మొదట్లో ఎవరో తెలిసినవాళ్ళనుకుని, ఇంటికొచ్చి వాళ్ళెవరా అని రాత్రంతా ఆలోచించేవాణ్ణి. అంతకు ముందు ఇంకా బాగుండేదట. కారుకి ఆటోమొబైల్ అసోసియేషన్ వాళ్ళ బిళ్ళ తగిలించుకుంటే దారిలో గస్తీ తిరిగే వాళ్ళ మనిషి నిలబడి సలాం కొట్టేవాడు. కొట్టలేదంటే ముందు మలుపులో పోలీసులు వేగం పట్టడానికి మాటేశారని అర్థం. మాట్లాడితే నేరం గానీ సలాం కొట్టకపోతే నేరమెలా అవుతుంది? నేను వచ్చేసరికి ఆ సలాములు పోయాయి. లేకపోతే మన ఊళ్ళో జమీందారుకి కూడా అన్ని సలాములు వచ్చుండవు.

ఇంతకీ టాపు. వీళ్ళు దాన్ని హుడ్డు అంటారు, అమెరికా వాళ్ళకి హుడ్డంటే ఇంజను మీద మూత, మనం బానెట్టు అనేది. నువ్వు అమెరికా కొట్లో హుడ్డు కావాలని రాసేవు, రేకు మూత పార్సిలొస్తుంది. మనకి టాపు అంటే టాపే. కాకినాడలో రిక్షాకి ఉన్నదీ టాపే, దీనికి ఉన్నదీ టాపే. నిజానికి రెండూ ఒకటేరా. వంచిన కమ్మీలు, వాటి మీద రెక్సిన్ గుడ్డ, వెనక్కి పడితే మడత, ముందుకి లాగితే నీడ. మా ఇంటి మలుపులో రిక్షా టాపులు కుట్టే మస్తాను ఉండేవాడు. మిట్ట మధ్యాహ్నం, రోడ్డు మీద తారు మెత్తబడే వేళ, అప్పుడే గుడ్డ బిగించేవాడు. "చల్లబడ్డాక చెయ్యొచ్చుగా మస్తానూ" అంటే, "ఎండలో గుడ్డ మాట వింటది బాబూ" అనేవాడు. పదేళ్ళవాణ్ణి, ఏవో వెర్రి మాటలనుకున్నాను. ఆ మాట అర్థమవడానికి నేను ఏడు సముద్రాలు దాటి రావలసొచ్చింది.

1970 వసంతంలో మీ అమ్మమ్మ వచ్చింది. పెళ్ళయిన ఆరు నెలలకి వీసా వచ్చింది. కారు కొన్నానని ఉత్తరంలో గొప్పగా రాశాను, టాపు సంగతి రాయలేదు. మొదటి ఆదివారం మాల్వర్న్ కొండలకి తీసుకెళ్ళాను. మాల్వర్న్ అంటే మోర్గాన్ కార్ల ఊరు. వాళ్ళు బాడీ లోపలి చట్రాన్ని యాష్ అనే కర్రతో చేస్తారు, మన బండి చక్రాలు చేసే వడ్రంగుల్లాగ. నేను ఆ చట్రం గొప్పదనం వివరిస్తుండగా ఒక మబ్బొచ్చింది. వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికి తెలుసంటారు గానీ, ఇంగ్లండులో వాన రాకడ అందరికీ తెలుసు, నాకు తప్ప.

కారాపాను. సంచీ తీశాను. సైడ్‌స్క్రీన్లు కుడిది ఎడమకి, ఎడమది కుడికి పెట్టాను. టాపు కమ్మీలు లేపాను, గుడ్డ లాగాను, బొత్తాలు పెట్టబోయాను. ఆ కాలపు కార్లకి బొత్తాలు మూడు నాలుగు రకాలు. నొక్కితే పడే టిచ్ బటన్లు, చిన్న గుండీ పైకి లాగితే ఊడే టెనాక్సులు, పావు చుట్టు తిప్పేవి, ఇవి కాక చుక్క బొత్తాలు. ఈ చుక్క బొత్తాం మహా గడుసుది. దాని మీద ఒక మూల చిన్న చుక్క ఉంటుంది, ఆ వైపు నుంచి ఎత్తితేనే వస్తుంది. మిగతా వైపుల నుంచి ఏనుగు లాగినా రాదు, గుడ్డ చిరుగుతుంది. నాకు ఆ చుక్క సంగతి తెలీదు. చిరిగింది. ఇదంతా అయ్యేసరికి వాన వెలిసింది. మీ అమ్మమ్మ ఉప్పాడ చీర మోకాళ్ళ దాకా తడిసి, జడలోంచి నీళ్ళు కారుతూ, పక్కనున్న చెట్టు కింద నిలబడి నవ్వింది చూడు, ఆ నవ్వు నాకింకా కోపమే.

ఆ చలికాలం ఇంకో పాఠం. వేసవంతా టాపు మడిచి వెనక పడేశాను. జనవరిలో లాగితే రెండంగుళాలు చాలలేదు. ముందు పట్టీ అద్దం చట్రం దాకా రాదు. రెక్సిన్ గుడ్డ చలికి ముడుచుకుంటుంది, బిర్రబిగుస్తుంది. అప్పుడు బలవంతం చేస్తే చిరుగుతుంది. వెనక్కి చూసే ప్లాస్టిక్ కిటికీ అయితే అప్పడంలా పెటేలున విరుగుతుంది. నేను లోపల కూచుని, రెండు చేతులతో వేడినీళ్ళ సంచులు టాపుకి ఆనించి, కాపడం పెట్టాను. మనుషులకి పెట్టే కాపడం కారుకి పెడుతున్న డాక్టర్ని చూసి వీధిలో పిల్లలు గుంపు కట్టారు.

కొత్త టాపు వేయించాలంటే వాళ్ళడిగిన ధర నా జీతంలో మూడోవంతు. మనిషి చర్మం కుట్టేవాణ్ణి, గుడ్డ కుట్టలేనా అనుకున్నాను. ఆత్రగాడికి బుద్ధి మట్టని ఊరికే అన్నారా? బజారులో చవగ్గా నాలుగు గజాల నల్ల రెక్సిన్ కొన్నాను. మీ అమ్మమ్మ సింగర్ మిషను. పాత టాపు కుట్లు విప్పి, ముక్కలు కొత్త గుడ్డ మీద పరిచి, సుద్దతో గీతలు గీసి, కత్తెర వేశాను. మీ అమ్మమ్మ గుమ్మంలో నిలబడి, "పాత ముక్కలే కొలతా?" అంది. "ఇంకేం కొలత ఉంటుంది?" అన్నాను, కాస్త గట్టిగానే. ఏమీ అనకుండా వెళ్ళిపోయింది. రెండు రాత్రులు కుట్టాం. మిషను సూదులు ఐదు విరిగాయి. తీరా కారుకి తొడిగితే పాతది ఎంత చాలలేదో కొత్తదీ అంతే చాలలేదు! పదేళ్ళు ముడుచుకుపోయిన గుడ్డని కొలతకి పెడితే ముడుచుకున్న టాపే వస్తుంది గదా. "చిన్నప్పటి చొక్కా ఆదికిచ్చి పెళ్ళి చొక్కా కుట్టించుకున్నట్టుంది" అంది మీ అమ్మమ్మ. ముందే ఎందుకు చెప్పలేదని అరిచాను. "అడిగాగా" అంది. అడిగిన మాట నిజమే.

అప్పుడొచ్చాడు పక్కవీధి పెద్దాయన. కోవెంట్రీలో ఒక కార్ఖానాలో నలభై ఏళ్ళు సీట్లూ టాపులూ బిగించి రిటైరయ్యాడు. మా వాకిట్లో ఆగి, నా టాపుని చాలాసేపు చూసి, "బాగుంది డాక్టర్, ఇంతకంటే చిన్న కారుకి" అన్నాడు. ఇంగ్లీషువాడి వెటకారం అలా ఉంటుంది, మొహంలో ఒక్క గీత కదలదు.

ఆయనతో నాలుగు ఆదివారాలు గడిచాయి. మొదటి ఆదివారం గుడ్డ ముట్టుకోనివ్వలేదు. కమ్మీలు సరిచేయించాడు. ఒక కమ్మీ అర అంగుళం వంగింది, దానివల్లే ఎడమ పక్క ఎప్పుడూ నీళ్ళు నిలిచేవి. కమ్మీలని పట్టి ఉంచే నవారు పట్టీలు సాగిపోయాయి, అవి మార్పించాడు. చూడు, అందరూ టాపంటే గుడ్డ అనుకుంటారు. గుడ్డ తొడుగు మాత్రమే. ఆకారం కమ్మీలది, కమ్మీల మధ్య ఎంత ఎడం ఉండాలో చెప్పేది ఆ నవారు పట్టీ. అది పొడుగైతే టాపు గుడిసెలా కుంగుతుంది, పొట్టిదైతే ముందు పట్టీ అద్దానికి అందదు. నీ కిట్టులో నవారు ఉందో లేదో చూశావా? చూడలేదు. నాకు తెలుసు.

రెండో ఆదివారం, కమ్మీలు లేపి, ముందు పట్టీ అద్దం చట్రానికి బిగించి, కారు మీదే కాగితం పరిచి కొలతలు తీశాడు. గుడ్డ ఎప్పుడూ కారు మీదే కొలవాలి, పాత గుడ్డ మీద కాదు. టాపుకి నడిమి గీత, ముందు పట్టీకి నడిమి గీత, వెనక బాడీకి నడిమి గీత, మూడూ ఒక వరసలో పడితేనే కత్తెర. మీ అమ్మమ్మ పక్కనే నిలబడి తలూపింది, రవికకి వీపు గీత గీసినట్టే ఉందట. ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు, సుద్దముక్క ఒకరి చేతిలోంచి ఒకరి చేతిలోకి పోయేది. నేను టీ పెట్టే పనిలో పడ్డాను.

మూడో ఆదివారం గుడ్డ. షెడ్డులో రెండు కిరసనాయిలు హీటర్లు వెలిగించి తలుపులు మూయించాడు. గుడ్డని ఒక గంట వెచ్చగా ఉంచి అప్పుడు లాగాడు. "వెచ్చగా ఉంటే మాట వింటుంది" అన్నాడు. నాకు ఒళ్ళు జలదరించింది. మస్తాను మాటే! ముందు వెనక పక్క బిగించి, తర్వాత ముందుకి లాగి, సుద్దతో గీత పెట్టి, వదిలేసి, టీ తాగి, మళ్ళీ లాగి, మళ్ళీ గీత. జిగురు రెండు వైపులా రాసి, వేలికి అంటనంతగా ఆరనిచ్చి, అప్పుడు ఒక్కసారే అంటించాలి. అంటాక దేవుడొచ్చినా కదలదు. బొత్తాలకి కన్నాలు అన్నిటికంటే చివర. నేను మొదటే పెట్టేశానని చెప్పలేదు గానీ ఆయన నా పాత గుడ్డ చూసి కనిపెట్టేశాడు.

ఇంకో వింత, ఆయన చిన్న మేకులు గుప్పెడు నోట్లో పోసుకునేవాడు. అయస్కాంతం ఉన్న సుత్తి పెదాలకి ఆనిస్తే మేకు తల దానికి అంటుకునేది. ఒక చేత్తో గుడ్డ బిగలాగి, రెండో చేత్తో టక్ టక్‌న కొట్టడమే. నాలో ఉన్న సర్జను ఊపిరితిత్తుల్లోకి మేకు పోతే ఎలా తియ్యాలా అని ఆలోచిస్తూ నిలబడ్డాడు. నలభై ఏళ్ళలో ఒక్కటీ మింగలేదట.

కుట్ల దగ్గర ఆయన పంతం వేరు. నూలు దారమే వాడాలన్నాడు. నూలు తడిస్తే ఉబ్బి సూది కన్నాన్ని మూసేస్తుంది. ఆ పైన తేనెమైనం రుద్దించాడు. ఇప్పటి పాలియెస్టరు దారం కుళ్ళదు, పుచ్చదు, అది దాని గొప్ప. కానీ ఉబ్బదు, అంచేత కుట్టుకి మైనమో మందో పట్టించక తప్పదు. నువ్వు రెక్సినే వేస్తావో, మొహేర్ గుడ్డే వేస్తావో నీ ఇష్టం. మొహేర్ పైన బట్ట, కింద బట్ట, మధ్యలో రబ్బరు పొర, కొబ్బరి లౌజులా. చలికి రెక్సిన్ అంత బిగుసుకుపోదు, చూడ్డానికి హుందాగా ఉంటుంది. జేబు మాత్రం కొంచెం నొప్పెడుతుంది. ఏది వేసినా కొత్తలో కొన్ని వారాలు లేపే ఉంచు. తడిసిన టాపు మడిచావా, బూజు పడుతుంది.

నాలుగో ఆదివారం డబ్బు సంగతి. ఇంగ్లీషువాడికి నోట్లు చేతికివ్వడం మొరటుతనం, కవరులో పెట్టాలి. ఎంత పెట్టాలి? అప్పట్లో పెద్దమనుషుల లెక్క గినీల్లో ఉండేది. సూటు కుట్టిన దర్జీకి, డాక్టరు ఫీజుకి, పందెం గుర్రానికి గినీలే. గినీ అంటే 21 షిల్లింగులు, పౌండు మీద ఒక షిల్లింగు ఎక్కువ. నాణెం 1814తోనే ఆగిపోయింది, లెక్క మాత్రం నూట యాభై ఏళ్ళు బతికింది. దర్జీ పనే గదా అని ఐదు గినీలు పెట్టాను. ఆయన కవరు తెరవకుండానే వెనక్కిచ్చేసి, "ఆ మిరియాల నీళ్ళు ఇంకొక గ్లాసు ఇప్పించు" అన్నాడు. మీ అమ్మమ్మ చారు. కళ్ళలో నీళ్ళు కారుతున్నా వదిలేవాడు కాదు.

టాపు అద్భుతంగా కుదిరింది. ఒక్క చుక్క మాత్రం ఎడమ పక్క, అద్దం చట్రానికీ సైడ్‌స్క్రీనుకీ మధ్య సందులోంచి, మీ అమ్మమ్మ మోకాలి మీద పడేది. ఆయనకి చూపించాను. వంగి చూసి, వేలితో తుడిచి, "ఒక్క చుక్కేగా" అన్నాడు. మీ అమ్మమ్మ తలుపు జేబులో చిన్న తువ్వాలొకటి పెట్టుకుంది.

నేను ఊరుకోవచ్చుగా? ఊరుకోలేదు. తలుపుల అడుగున చిన్న చిన్న కన్నాలు కనిపించాయి. చలిగాలి వీటిలోంచే వస్తోందని, అన్నీ పుట్టీతో శుభ్రంగా పూడ్చేశాను. నెల తిరక్కుండా మలుపు తిరిగితే చాలు, తలుపులో బిందె తొణికినట్టు గళగళమని చప్పుడు. కొండనాలుకకి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, లోపలికి దిగిన వాననీరు బయటికి పోయే దారి నేనే మూసేశాను. తలుపు లోపలి చట్రం అడుగున తుప్పు పట్టి బిస్కట్టులా రాలింది. ఆ కారుకి నేల పలకలు చెక్కవి, ప్లైవుడ్డు. తివాచీ తడిసి, తడి చెక్కకి ఎక్కి, ఒకనాడు నా మడమ చెక్కలోకి దిగింది. పెద్దాయన పుట్టీ అంతా స్క్రూడ్రైవరుతో పొడిచి తీస్తూ ఒక్కటే అన్నాడు: "ఈ కార్లలోకి నీళ్ళు వస్తాయి. వచ్చినవాటిని పోనీ." నువ్వు టాపు సంగతి తర్వాత చూడు, ముందు ఒక సన్న తీగ తీసుకుని తలుపుల కింద కన్నాలు పొడు. ఆ తర్వాతే కొనడాలు.

రబ్బర్ల దగ్గరా తొందర పడకు. ఒకసారి చవగ్గా వస్తున్నాయని తలుపు బీడింగులు తెప్పించాను, ఏ కొట్టో చెప్పను. గట్టిగా, కర్రలా ఉన్నాయి. పెట్టాక తలుపు మూతపడదు. బలంగా కొడితే మూతపడేది, కానీ తాడు లాగితే తలుపు తుపాకి గుండులా వచ్చి మోకాలికి తగిలేది. మెత్తగా, వేలితో నొక్కితే కుంగి, వదిలితే లేచే రబ్బరు కావాలి. ఇప్పుడొచ్చే ఈపీడీఎం రకం ఎండకీ గాలికీ పగలదు. పాత సహజ రబ్బరైతే దానికి ఇంజను గ్రీజు రాస్తే ఉబ్బి పాడవుతుంది. దానికి ఎర్ర గ్రీజు వేరే ఉంటుంది, అది ఆముదం జాతి సరుకు. ఆముదమని మొహం అలా పెట్టకు! క్యాస్ట్రాల్ పేరు ఎక్కడినుంచి వచ్చిందనుకున్నావు? ఆముదం కలిపిన నూనె గనక, ఇంగ్లీషులో క్యాస్టర్ గనక. చిన్నప్పుడు మా నాయనమ్మ ముక్కు మూసి పట్టించిన ఆముదమే ఇక్కడ పందెం కార్లు తాగాయి.

1980లో ఆబింగ్డన్ కార్ఖానా మూసేశారు. ఎంజీఏ తర్వాత వచ్చిన ఎంజీబీలు ఐదు లక్షల పైన చేసిన చోటు. ఎంజీబీకి మడిచే టాపు బాగుండేది, మిచెలొట్టి అనే ఇటాలియన్ గీసింది. ఆ మిచెలొట్టే ట్రయంఫ్ హెరాల్డ్ గీశాడు, దాన్నే మద్రాసులో స్టాండర్డ్ హెరాల్డ్ అని చేశారు. మా మామయ్యకి ఉండేది అది, కాకినాడలో. మూసేశాక విడిభాగాలు దొరకవేమోనని నేను ఏడాది పాటు కనిపించిన రబ్బరల్లా కొని అటక మీద పడేశాను. తీరా 1988 నాటికి ఎంజీబీకి ఏకంగా కొత్త బాడీలే అచ్చు తీసి అమ్మడం మొదలెట్టారు, ఎంజీఏకీ కావలసినవన్నీ దొరుకుతూనే ఉన్నాయి. నేను దాచిన రబ్బర్లు అటక మీదే పెళుసెక్కి పోయాయి. లోభికి మూడింతలు ఖర్చు.

మే నెల రానీ. ఎండ కాసిన ఆదివారం చూసి మొదలెడదాం. ఈలోగా కమ్మీలు విప్పి ఇలా పట్రా, వంగినవి చూద్దాం. సైడ్‌స్క్రీన్లు ఏది కుడో ఏది ఎడమో కాగితం అంటించు, నవ్వకు. తలుపు జేబులో తువ్వాలుంటుంది, దాన్ని మాత్రం కదపకు, అది మీ అమ్మమ్మది. కొలతలు నేనే...

ఏవిటే? వంటింట్లోంచి అరుస్తోంది, వినబడిందా? సుద్దముక్క తన దగ్గరే ఉందట. నన్ను కత్తెర ముట్టుకోనివ్వద్దని నీకు చెప్పమంటోంది.